నెలకు ఆరుసార్లు వినిపించే హెచ్చరిక

(రేడియో ప్రసంగము)

వాక్యభాగములు: సామెతలు 6:1–11, మత్తయి 7:24–27

మీలో కొందరు పొలం నుండి అప్పుడే వచ్చి వింటున్నారు. కొందరు వంట చేసుకుంటూ వింటున్నారు. ఏ పనిలో ఉన్నా కొద్దిసేపు మనసు ఇటు పెట్టండి. బైబిలు దగ్గరలో ఉంటే సామెతల గ్రంథము 6వ అధ్యాయము తీసి పెట్టుకోండి. ప్రతిదినము వాక్యము చదవడం వలన మన బ్రతుకుకు పనికివచ్చే జ్ఞానము ఎలా దొరుకుతుందో ఈ దినము ధ్యానించుకుందాము.

ముందుగా నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకుంటాను.

నేను మానవపాడు మండలంలో ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్న రోజులవి. వరుసకు బావ అయ్యే దూరపు బంధువు ఒకరు సాయంత్రం ఇంటికి వచ్చారు. నాలుగెకరాల్లో సీడు పత్తి పెట్టాలి, పెట్టుబడికి రెండు లక్షలు కావాలి, ఇచ్చేవారు ఉన్నారు గాని జామీను అడుగుతున్నారు అన్నారు. “పాస్టరుగారి సంతకమంటే వాళ్లు కాదనరు బావా” అన్నారు. ఆ మాట నాకు ఎంతో తియ్యగా వినిపించింది.

లోపల నుండి నా భార్య పిలిచింది. “ఏమండీ, పొద్దున అమ్మాయి చదివింది కదా, ఒకరి కోసం పూటపడొద్దని. ఇవాళ ఆరో తారీఖు, ఆరో అధ్యాయం” అంది. నా భార్యకు చదువు అంతగా రాదు. పాప రోజూ బడికి పోయే ముందు తారీఖును బట్టి సామెతలలో ఒక అధ్యాయం చదివి వినిపించేది. నేనేమన్నానో తెలుసా? “అది పాత నిబంధన కాలపు మాట. సొంతవాళ్లకు సాయం చేయకపోతే ఇంకెందుకు?” అన్నాను. వెళ్లి సంతకం పెట్టాను.

ఆ సంవత్సరం ఆయన సీడు పరీక్షలో ఫెయిలైంది. రావలసిన డబ్బు రాలేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే రెండు లక్షలకు నెలకు 4,000, ఏడాదికి 48,000. రెండేళ్లలో వడ్డీయే 96,000 అయింది. ఆయన కుటుంబంతో పనికి వలస వెళ్లిపోయారు. అప్పిచ్చినవారు మా గుమ్మంలోకి వచ్చారు. నా భార్య మెడలోని గొలుసు పోయింది, పాప చదువుకని దాచినది పోయింది. అంతకన్నా పెద్ద నష్టము ఇంకొకటి ఉంది. ఆ బావకూ నాకూ మధ్య మాట కూడా పోయింది.

దేవుని బిడ్డలారా, ఆ రోజు పొద్దున నేను బైబిలు చదవలేదా అంటే, చదివాను. ఆదివారం ప్రసంగం కోసం చదివాను. సంఘానికి ఏమి చెప్పాలా అని చదివాను గాని దేవుడు నాకేమి చెబుతున్నాడని చదవలేదు. చదువురాని నా భార్య విన్నది, చదువుకున్న నేను వినలేదు.

తరువాత నేనూ తారీఖును బట్టి సామెతలు చదవడం మొదలుపెట్టాను. అప్పుడు నాకు ఒక సంగతి కనబడింది. మీరూ మీ బైబిలులో గుర్తు పెట్టుకోండి. ఇతరుల అప్పుకు పూటపడుటను గూర్చిన హెచ్చరిక 6వ అధ్యాయము మొదటి వచనములలో ఉంది. తిరిగి 11:15లో ఉంది. 17:18లో ఉంది. 20:16లో ఉంది. 22:26, 27లో ఉంది. 27:13లో ఉంది. అంటే రోజుకొక అధ్యాయం చదివేవాడు నెలలో 6, 11, 17, 20, 22, 27 తేదీలలో, ఆరుసార్లు ఈ మాట వింటాడు. ఏడాదికి 72 సార్లు! ఒక తండ్రి తన కుమారునితో ఒకే సంగతి ఇన్నిసార్లు చెప్పాడంటే, ఆ గుంటలో పడినవారిని ఆయన ఎందరిని చూశాడో ఆలోచించండి.

6వ అధ్యాయములో ఇంకొక మేలైన సంగతి ఉంది. పడవద్దు అని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, పడితే ఎలా బయటపడాలో కూడా చెప్పాడు. ఆలస్యము చేయకుము, కునుకు తీయకుండా వెళ్లుము, తగ్గించుకొని బ్రతిమాలుకొనుము, వేటగాని చేతిలోనుండి లేడి తప్పించుకొన్నట్టు తప్పించుకొనుము అన్నది దాని భావము. మరునాడు ఉదయమే నేను వెళ్లి, “అయ్యా, తొందరపడి సంతకం పెట్టాను, డబ్బు ఇంకా చేతులు మారలేదు, నా పేరు కొట్టేయండి” అని అడిగి ఉండవచ్చు. పాస్టరు మాట తప్పాడని నలుగురూ అంటారేమోనని వెళ్లలేదు. నన్ను కట్టివేసింది సంతకము మాత్రమే కాదు, నా గర్వము కూడా.

ఈ అనుభవమునుండి నేను నేర్చుకున్న మూడు సంగతులు మీకు చెబుతాను.

1. అవసరము రాకముందే జ్ఞానము కూర్చుకోవాలి

మత్తయి 7వ అధ్యాయము చివర ప్రభువు ఇద్దరు మనుష్యులను గూర్చి చెప్పాడు. ఒకడు బండమీద ఇల్లు కట్టాడు, ఒకడు ఇసుకమీద కట్టాడు. వాన ఇద్దరికీ వచ్చింది. వరద ఇద్దరికీ వచ్చింది. తేడా వరద వచ్చిన రోజున కలిగినది కాదు, కట్టిన రోజుననే కలిగింది.

ఈ మాట మన నడిగడ్డవారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య బ్రతికే మనకు వరద అంటే తెలుసు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి ఆవలి ఒడ్డున కర్నూలు పట్టణము మునిగినప్పుడు, ఇవతల అలంపురము, రాజోలి నీళ్లపాలయ్యాయి. నీళ్లు గడపలోకి వచ్చిన తరువాత పునాది తవ్వినవారు ఎవరైనా ఉన్నారా? ఆ గంటలో మనిషి చేతికి అందినది పట్టుకుంటాడు, అంతే.

కష్టము వచ్చినప్పుడు బైబిలు తెరుస్తాము. అది తప్పు కాదు, దేవుడు కనికరముగలవాడు. అయితే అప్పుకాగితము ముందు పెట్టి కలము చేతికిచ్చినప్పుడు, “ఆగండి, వాక్యము వెదికి వస్తాను” అనే సమయము ఉండదు. కోపము రేగినప్పుడు సమాధానమిచ్చుటను గూర్చిన వచనము వెదికే ఓపిక ఉండదు. అంతకుముందు నెలలలో, సంవత్సరాలలో మనసులోకి దిగిన మాట ఏదో అదే ఆ క్షణములో పైకి వస్తుంది. ఏదీ దిగకపోతే మన పాత స్వభావము పైకి వస్తుంది. నా గడపలో జరిగింది అదే.

2. ఏ దినమునకు ఆ దినమే

సీడు పత్తిలో పని చేసే అక్కచెల్లెళ్లకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు. మధ్యాహ్నం ఆడ వరుసల్లోకి వెళ్లి, రేపు విచ్చబోయే మొగ్గ ఏదో కనిపెట్టి, దాని పైరేకులను గిల్లి, లోపలి పుప్పొడిని తీసేస్తారు. మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి అంటిస్తారు. దీనినే మనవాళ్లు క్రాసింగు అంటారు. ఈ పని ఒక్కరోజుతో తీరదు. రెండు నెలలకు పైగా రోజూ చేయాలి. ఇవాళ అలసిపోయాను, రేపు రెండు రోజుల పని కలిపి చేస్తాను అంటే కుదరదు. విడిచిపెట్టిన మొగ్గ తనంతట తాను విచ్చుకుంటుంది, కాయ కూడా కాస్తుంది. చూడడానికి అన్ని కాయల వంటిదే. కాని అందులోని గింజ విత్తనానికి పనికిరాదు. దానిని తెంపి పారేయాలి.

అరణ్యములో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా ఇచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి పెట్టాడు. నిర్గమకాండము 16వ అధ్యాయము చదవండి. ఏ దినమునకు ఆ దినమే కూర్చుకోవాలి. మరునాటికి దాచినది పురుగుపట్టింది. విశ్రాంతిదినమునకు ముందు రోజున మాత్రమే రెండంతలు.

ప్రియులారా, మనలో చాలామంది డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకుంటాము. దానిని గోడకు పెట్టుకుంటాము. మంచిదే. కాని ఒక్క కార్డుతో సంవత్సరమంతా గడిపే ప్రయత్నము చేస్తే, ఒక్కపూట భోజనముతో ఏడాది బ్రతకాలనుకున్నట్టే. కొందరు కళ్లు మూసుకొని బైబిలు తెరచి, వేలు పడిన వచనమే దేవుని జవాబు అంటారు. అది చిలుకజోస్యం పద్ధతి గాని కుమారుడు తండ్రి మాట వినే పద్ధతి కాదు. వరుసగా చదివినప్పుడే మనకు ఇష్టమైన మాటతోపాటు ఇష్టములేని మాట కూడా మన ముందుకు వస్తుంది. నాకు కావలసిన మాట నేను ఎన్నుకునే వచనములలో ఉండేది కాదు. అది ఆరవ తారీఖున తనంతట తానే వచ్చింది.

3. తలలోని మాట చేతి వరకు రావాలి

తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట నుండి వచ్చే కాలువ కింద మన వైపు 87,500 ఎకరాల ఆయకట్టు అని కాగితము మీద ఉంది. మన రైతుల పాత బాధ ఏమిటి? కాలువ తలలో నీళ్లు కనబడతాయి, చివరి పొలానికి చేరవు. చాలామంది విశ్వాసుల వాక్యజ్ఞానము కూడా ఇటువంటిదే. తలలో నిండుగా ఉంటుంది. నాలుక దగ్గరకు వచ్చేసరికి తగ్గుతుంది. చేతి వరకు, డబ్బు సంచి వరకు రానే రాదు.

యాకోబు తన పత్రికలో 1వ అధ్యాయములో ఇదే చెప్పాడు. విని చేయనివాడు అద్దములో ముఖము చూసుకొని అవతలికి వెళ్లగానే తానెట్లున్నాడో మరచిపోయినవాని వంటివాడు. జ్ఞానము కొదువగా ఉంటే దేవుని అడుగుమని చెప్పినదీ ఆ అధ్యాయములోనే. అడగమన్నవాడే చేయమన్నాడు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. వాక్యజ్ఞానమంటే నన్ను నష్టమునుండి తప్పించేది మాత్రమే అనుకోవద్దు. పూటపడుటను గూర్చి నన్ను హెచ్చరించిన దేవుడే కూలివాని కూలి గూర్చి కూడా నన్ను హెచ్చరిస్తాడు. ద్వితీయోపదేశకాండము 24:14, 15 చదివితే, బీదవాడైన కూలివానికి ప్రొద్దు గ్రుంకకముందే కూలి ఇవ్వాలని ఉంది. యాకోబు 5:4లో బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని ఉంది. విశ్వాసియైన రైతన్నా, కంపెనీ నుండి నీ డబ్బు ఆలస్యమైతే నీ గుండె మండుతుంది. నీ చేనులో క్రాసింగు చేసిన అక్క కూలి ఎన్ని వారాలుగా నీ దగ్గర ఉంది? బడిలో ఉండవలసిన పిల్లలను చేనులో దించడం మన ప్రాంతపు పాత గాయము. పిల్లలను నడువవలసిన త్రోవను గూర్చి సామెతలు 22:6 చదివి, మరునాడు పక్కింటి పిల్లను కూలికి పిలిస్తే, ఆ అధ్యాయము మనము చదివినట్టా?

కాబట్టి చదివిన మాట మనకు లాభము తెచ్చినా, మనచేత ఖర్చు పెట్టించినా, అది మన తండ్రి మాటే.

మరి సహాయము చేయకూడదా?

ఈ మాట విని, “ఇక ఎవరికీ సాయం చేయకూడదు, బైబిలే వద్దంది” అనేవారు ఉంటారు. అలా కాదు. బీదలను కనికరించువాడు యెహోవాకే అప్పిచ్చినవాడని సామెతలు 19:17 భావము. చేయగలిగిన మేలు తీసుకోదగినవారికి చేయకుండా ఉండవద్దని 3:27 భావము. ఒకే గ్రంథములో రెండూ ఉన్నాయి. 26వ అధ్యాయములోనైతే 4, 5 వచనములు పక్కపక్కనే ఉండి, మూర్ఖునికి ప్రత్యుత్తరమియ్యవద్దని ఒకటి, ఇమ్మని ఒకటి చెబుతాయి. ఎందుకు? ఏది ఏ సమయములో అనేది దేవునితో రోజూ నడిచేవానికే తెలుస్తుంది. ఒక్క వచనము పట్టుకొని వాదించేవానికి తెలియదు.

నేను ఆనాడు చేయవలసినది ఇది: “బావా, జామీను సంతకము నేను పెట్టలేను. నా దగ్గర ఉన్నది ఈ ఐదువేలు. ఇది అప్పు కాదు, ఉంచుకో. నాలుగెకరాలు వద్దు, చేతిలో ఉన్నంతతో ఒక ఎకరం పెట్టు, నీకోసము నేను ప్రార్థిస్తాను, పనికి కూడా వస్తాను.” ఇవ్వగలిగినది ఇచ్చుట ప్రేమ. లేనిది ఉన్నట్టు వ్రాసి ఇచ్చుట ప్రేమ కాదు. 22:27 ప్రకారము, చెల్లించలేనివాడు తాను పడుకునే పరుపునే పోగొట్టుకుంటాడు. అతనితోపాటు భార్యాపిల్లలూ నేలమీద పడుకోవలసి వస్తుంది.

ఎలా మొదలుపెట్టాలి?

ఈ గ్రంథము మన చేతికి ఊరికే రాలేదు. 1805లో విశాఖపట్నము వచ్చిన దేగ్రాంజ్ అనే మిషనరీ, ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నాడు. 1810లో ఆయన చనిపోయాడు. ఆయన తర్జుమా చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తన చేతి పని అచ్చులో చూసుకోకుండానే ఆయన వెళ్లిపోయాడు. మనమేమో అచ్చయిన పుస్తకమును పెట్టెలో పెట్టుకున్నాము.

మొదటిది, తారీఖును బట్టి సామెతలలో ఒక అధ్యాయము చదవండి. 31 అధ్యాయములున్నాయి గనుక నెలకు సరిపోతుంది. 30 రోజుల నెలలో చివరి రోజు రెండు చదవండి.

రెండవది, దానితోపాటు సువార్తలలో ఒక అధ్యాయము చదవండి. మత్తయి 28, మార్కు 16, లూకా 24, యోహాను 21, మొత్తము 89 అధ్యాయములు. మూడు నెలలు నిండకముందే నాలుగు సువార్తలు పూర్తవుతాయి. అలవాటు కుదిరాక బైబిలంతా చదవండి. మొత్తము 1,189 అధ్యాయములు. రోజుకు మూడు, ఆదివారము ఐదు చదివితే సంవత్సరములో ముగుస్తుంది.

మూడవది, పైకి చదవండి. 2011 జనాభా లెక్కలలో మన గద్వాల ప్రాంతములో అక్షరాలు వచ్చినవారు సుమారు సగము మందే. కాబట్టి చదువు రాలేదని ఎవరూ వెనుకపడవద్దు. ఇంట్లో బడికి పోయే పిల్ల ఉంటే ఆమె చదవాలి, అందరూ వినాలి. నెహెమ్యా 8వ అధ్యాయములో జనులు అలాగే విన్నారు. చదివేవారు స్పష్టముగా చదివి అర్థము చెప్పారు, వినేవారు గ్రహించారు.

నాలుగవది, చదివాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ రోజు నేను మానవలసినది ఏమిటి? చేయవలసినది ఏమిటి? ఎవరికైనా ఇవ్వవలసినది, చెప్పవలసిన క్షమాపణ ఉన్నదా? జవాబు ఒక నోటుపుస్తకములో ఒక్క వరుస వ్రాయండి. రాత్రి పడుకునే ముందు అది జరిగిందో లేదో చూసుకోండి.

ఐదవది, ఒక రోజు తప్పిపోతే దిగులుపడి మానేయవద్దు. ఏ తారీఖు అయితే ఆ తారీఖు అధ్యాయము దగ్గర తిరిగి మొదలుపెట్టండి. తప్పిపోయిన అధ్యాయము వచ్చే నెల మళ్లీ మీ గుమ్మము ముందుకు వస్తుంది.

మన పూటకాపు

చివరిగా ఒక మాట చెప్పి ముగిస్తాను. పూటపడుట అనే మాటను వెదుకుతూ పోతే అది నన్ను సామెతలలో ఆపలేదు. ఆదికాండము 43:9లో యూదా తన తమ్ముడైన బెన్యామీను కొరకు పూటపడ్డాడు. 44వ అధ్యాయములో తమ్ముని బదులు తానే దాసుడుగా ఉంటానని ముందుకు వచ్చాడు. ఆ యూదా గోత్రములోనే మన ప్రభువు పుట్టాడు. హెబ్రీయులకు 7:22లో యేసును శ్రేష్ఠమైన నిబంధనకు పూటకాపు అని వ్రాయబడి ఉంది.

సహోదరులారా, నేను ఆలోచించక, పొగడ్తకు లొంగి, చెల్లించలేని అప్పుకు సంతకము పెట్టాను. ఆయన అన్నీ తెలిసి, నా అప్పు ఎంతో లెక్క చూసి, చెల్లించగలిగినవాడై సంతకము పెట్టాడు. సిరా బదులు తన రక్తముతో పెట్టాడు. సామెతలు వద్దన్న ఆ పనిని మనకోసము చేయగలిగినవాడు ఆయన ఒక్కడే. ఈ సంగతి తెలిసిన తరువాతనే ఆ బావను వెదికి వెళ్లడానికి నాకు ధైర్యము వచ్చింది. “నువ్వు నాకేమీ బాకీ లేవు బావా” అన్నాను. ఇద్దరమూ ఏడ్చాము. పోయిన గొలుసు రాలేదు, పోయిన బావ దొరికాడు.

ఈ దినము తారీఖు ఎంత? ఈ ప్రసంగము అయిపోగానే ఆ అధ్యాయము తెరవండి.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మేము అడగకముందే మాకు కావలసిన మాటను నీ గ్రంథములో పెట్టినందుకు స్తోత్రము. చదివీ వినని మా చెవులను తెరువుము. అప్పుల క్రింద నలుగుచున్న కుటుంబములను కనికరించుము. తొందరపడి మాట ఇచ్చినవారికి తగ్గించుకొనే మనసు ఇమ్ము. కూలి బిగబట్టిన చేతులను విప్పుము. చదువురాని మా తల్లులకు చదివి వినిపించే పిల్లలను దీవించుము. మా పూటకాపుయైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.